సర్వేలో 3.9 వచ్చింది, రాజీనామాలు మాత్రం ఆగట్లేదు: ఎంగేజ్‌మెంట్ ఎలా కొలవాలి, వెల్‌నెస్‌కి ఏం చేయాలి?

ముందు ప్రశ్న క్లుప్తంగా. 220 మంది పనిచేసే సంస్థ. ఏడాదికోసారి నలభై ప్రశ్నల సర్వే. ఈసారి 60 శాతం మంది జవాబిచ్చారు, సగటు 5కి 3.9 వచ్చింది. పైవాళ్లు సంతోషించారు. కానీ ఒక విభాగంలో మాత్రం వరసపెట్టి మానేస్తున్నారు. విరుగుడుగా యోగా క్లాసులు, అడుగుల పోటీ, ధ్యానం యాప్ పెట్టమని హెచ్ఆర్‌కి చెప్పారు. సర్వే సరిగ్గా జరుగుతోందా, ఈ కార్యక్రమాలు పనిచేస్తాయా అన్నది సందేహం.

సూటిగా చెప్తాను. 3.9 అబద్ధమేమీ కాదు, కాకపోతే దాన్ని పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోలేరు. యాప్ పెడితే రాజీనామాలు ఆగవు. ఆ విభాగంలో పని ఎలా నడుస్తోందో చూడాలి, మార్చాల్సింది అక్కడ.

ముందు ఏం కొలుస్తున్నారో తేల్చుకోండి. జీతం, క్యాంటీన్, సెలవులు బాగున్నాయా అని అడిగితే తెలిసేది సంతృప్తి. ఎంగేజ్‌మెంట్ వేరు. 1990లో మనస్తత్వ పరిశోధకుడు విలియం కాన్ ఈ మాటను పరిశోధనలోకి తెచ్చినప్పుడు చూసింది, మనిషి తన ఒంటినీ బుర్రనీ మనసునీ పనిలో ఎంతవరకు పెడుతున్నాడన్నది. అలా పెట్టడానికి మూడు కావాలన్నాడు: చేసే పనికి అర్థం ఉండాలి, నోరు తెరిస్తే నష్టం జరగదన్న భరోసా ఉండాలి, పని చేసే ఓపిక మిగిలి ఉండాలి. చాలా సంస్థల సర్వేల్లో ఈ మూడోదాని గురించి ఒక్క ప్రశ్న కూడా ఉండదు. వెల్‌నెస్ (ఉద్యోగుల ఆరోగ్యం, క్షేమం) అనేది అసలు అక్కడే మొదలవుతుంది.

రెడీమేడ్ ప్రశ్నావళులు ఉన్నాయి. యుట్రెక్ట్ స్కేల్ ఉత్సాహం, అంకితభావం, లీనమవడం అనే మూడింటిని కొలుస్తుంది. 17 ప్రశ్నలది ఒకటి, 9 ప్రశ్నలది ఒకటి ఉన్నాయి, జవాబులు 0 (ఎప్పుడూ లేదు) నుంచి 6 (రోజూ) దాకా. పరిశోధనకు ఉచితమే, సంస్థ అవసరానికైతే అనుమతి తీసుకోవాలి. సర్వేలు చేసే గాలప్ సంస్థ వాళ్ల 12 ప్రశ్నలకు కాపీరైట్ ఉంది, నెట్‌లో దొరికాయి కదా అని దించేయకండి. బ్రిటన్‌లో పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ వాళ్ల 35 ప్రశ్నల పత్రం ఉచితం. అది ఎంగేజ్‌మెంట్ కాకుండా ఒత్తిడి ఎక్కడినుంచి వస్తోందో కొలుస్తుంది. మీ పరిస్థితికి ఇదే ఎక్కువ పనికొస్తుంది, దీని సంగతి కింద చెప్తాను.

‘మన సంస్థలో ఉద్యోగం చేయమని మీ స్నేహితులకు చెప్తారా?’ అని 0 నుంచి 10 దాకా అడిగే ఈఎన్‌పీఎస్ (ఎంప్లాయీ నెట్ ప్రమోటర్ స్కోర్) గురించి ఒక హెచ్చరిక. 9, 10 ఇచ్చినవాళ్ల శాతంలోంచి 0 నుంచి 6 దాకా ఇచ్చినవాళ్ల శాతం తీసేస్తే వచ్చేది స్కోరు. 7, 8 ఇచ్చినవాళ్లు మొత్తం సంఖ్యలో ఉంటారు గానీ ఈ రెండు శాతాల్లో దేనిలోకీ రారు. ఈ పద్ధతి 2003లో కస్టమర్ల కోసం పుట్టింది, వేల జవాబులు ఉన్నప్పుడు పర్లేదు. పదిమంది టీంలో నలుగురు 9 పైన, ముగ్గురు 6 కింద ఇస్తే స్కోరు +10. పైనున్న నలుగురిలో ఒక్కరికి ఆ వారం తిక్క రేగి 9 బదులు 6 ఇచ్చారనుకోండి, స్కోరు -10. మొత్తం టీం కుప్పకూలిందని పైవాళ్లు మీటింగ్ పెడతారు. సంస్థ మొత్తానికి ఒక అంకెగా వాడండి, టీంల మధ్య పోలికకు వద్దు.

నలభై ప్రశ్నలు ఎక్కువ. ఇరవై దాటేసరికి చదవకుండా ఒకే వరసలో టిక్కులు పెట్టుకుంటూ పోతారు. ఎక్సెల్‌లో ఒక్కో మనిషి జవాబుల వరస చూడండి, మొదటినుంచి చివరిదాకా 4, 4, 4, 4 అని ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి. 12 నుంచి 15 ప్రశ్నలు, రాసే జాగాలు రెండు, మొత్తం ఏడు నిమిషాల్లో అయిపోవాలి. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నదానికి ఒకటే పరీక్ష: ఈ ప్రశ్నకు జవాబు చెడుగా వస్తే ఎవరు, ఏం చేస్తారు? చెప్పలేకపోతే కొట్టేయండి. జీతాలు ఈ ఏడాది పెంచేది లేదని ముందే నిర్ణయమైపోతే జీతం గురించి అడగడం పుండు మీద కారం చల్లడమే.

ప్రశ్న రాయడంలో ఎక్కువగా జరిగే తప్పు రెండింటిని ఒకదాంట్లో కుక్కడం. ‘నా మేనేజర్ నాతో మర్యాదగా ఉంటారు, నా పనిని గుర్తిస్తారు.’ మర్యాదగా ఉండి గుర్తించని మేనేజర్‌కి ఎంత ఇవ్వాలి? తలా ఒకలా ఇస్తారు, ఆ అంకెకు అర్థం ఉండదు. రెండో తప్పు, మనోభావాన్ని గాల్లో అడగడం. ‘పనిభారం సమంజసంగా ఉందా?’ అంటే మొహమాటానికి 4 ఇస్తారు. దాని బదులు ఇలా అడగండి:

‘గత నాలుగు వారాల్లో, రోజు పని ముగిశాక కూడా ఇంటి దగ్గర కూర్చుని పూర్తి చేయాల్సి వచ్చిన రోజులు ఎన్ని?’ (ఒక్కటీ లేదు / 1–3 / 4–8 / 9 పైన)

‘గత నాలుగు వారాల్లో, ఒకే సమయానికి ఇద్దరు వేర్వేరు పనులు చెప్పి, ఏది ముందో ఎవరూ తేల్చని సందర్భాలు ఎన్ని?’

‘సెలవు పెట్టినప్పుడు నా పని వేరే ఎవరైనా చూస్తారు’ (ఎప్పుడూ లేదు నుంచి ప్రతిసారీ దాకా)

ఇలాంటివాటికి జ్ఞాపకంతో జవాబిస్తారు, మొహమాటం తక్కువ పనిచేస్తుంది. పైగా ఏం సరిచేయాలో ప్రశ్నలోనే ఉంటుంది.

పేర్లు తెలియకుండా ఉంచడం అనేదాంట్లో సంస్థలు తెలిసీ తెలియకా మోసం చేస్తుంటాయి. ఒక్కొక్కరికీ విడివిడి లింకు మెయిల్‌లో పంపితే ఎవరేం రాశారో సిస్టమ్‌కి తెలుసు. అప్పుడు ‘మీ పేరు ఎవరికీ తెలియదు’ అనకూడదు, ‘సర్వే నడిపేవాళ్లకు తెలుస్తుంది, మీ మేనేజర్లకు చూపించం’ అని ఉన్నదున్నట్టు రాయాలి. విభాగం, వయసు, ఆడా మగా, ఎన్నేళ్ల సర్వీసు అన్నీ అడిగితే 220 మందిలో సగం మందిని వేలెత్తి చూపించవచ్చు. విభాగం ఒక్కటి చాలు, మహా అయితే సర్వీసు రెండు ముక్కలుగా: రెండేళ్లలోపు, ఆపైన. ఐదుగురి కంటే తక్కువ జవాబులున్న గ్రూపు ఫలితం చూపించకండి. రాతలో వచ్చిన వ్యాఖ్యలకైతే పదిమంది ఉండాలి, ఎందుకంటే రాసే తీరును బట్టే మనిషిని పట్టేస్తారు. ఇంకో చోట దొరికిపోతారు: విభాగం మొత్తం 12 మందిది చూపించి, అందులో ఒక టీం 9 మందిది విడిగా చూపిస్తే, మిగిలిన ముగ్గురిదీ తీసివేత చేసి చెప్పేయొచ్చు. చాలా డాష్‌బోర్డుల్లో ఫిల్టర్లు మారుస్తూ పోతే ఇది బయటపడుతుంది. మేనేజర్ల చేతికి ఫిల్టర్లు ఇవ్వకుండా, సిద్ధం చేసిన రిపోర్టు ఇవ్వండి.

ఇక 60 శాతం. 220లో 132 మంది చెప్పారు, 88 మంది మాట్లాడలేదు. ఆ 88 మంది ఎక్కడున్నారు? విభాగాలవారీగా జవాబుల శాతం తీయండి. ఇతర విభాగాల్లో 75 శాతం ఉండి, రాజీనామాలు వస్తున్న చోట 35 ఉంటే, సర్వే చెప్పాల్సిందంతా చెప్పేసింది. నమ్మకం పోయినవాళ్లు తక్కువ మార్కులు వేయరు, అసలు ఫారమే తెరవరు. అందుకే సగటు బాగుంటుంది. కొన్నిసార్లు కారణం మామూలుది కూడా కావచ్చు: కంప్యూటర్ ముందు కూర్చోనివాళ్లు, రాత్రి షిఫ్ట్ వాళ్లు లింకే చూసి ఉండరు. వాళ్లకు షిఫ్ట్ మొదట్లో పది నిమిషాలు ఇచ్చి ఫోన్‌లోనో కాగితం మీదో చేయించాలి. ఏం చేసినా శాతం పెంచమని మేనేజర్లకు టార్గెట్ పెట్టకండి, స్కోరును వాళ్ల బోనస్‌కి అసలు ముడిపెట్టకండి. పెట్టిన మరుసటి సర్వేలో స్కోరు పెరుగుతుంది, ఎందుకంటే సర్వేకి ముందు వారం ‘కాస్త చూసి ఇవ్వండి’ అని టీంతో మాట్లాడతారు.

సగటు ఏం దాస్తుందో ఒక్కసారి కళ్లారా చూడండి. పదిమంది టీంలో తొమ్మిది మంది 4, ఒకరు 3 ఇచ్చారు: సగటు 3.9. ఇంకో టీంలో ఏడుగురు 5, ఒకరు 2, ఇద్దరు 1 ఇచ్చారు: ఇక్కడా సగటు 3.9. మొదటి టీం నిలకడగా ఉంది. రెండో టీంలో ముగ్గురు ఈపాటికి వేరేచోట ఇంటర్వ్యూలకు వెళ్తూ ఉంటారు. అందుకని రిపోర్టులో సగటు పక్కనపెట్టి మూడు శాతాలు ఇవ్వండి: 4–5 ఇచ్చినవాళ్లు, 3 ఇచ్చినవాళ్లు, 1–2 ఇచ్చినవాళ్లు. మొదటి టీంకి 90, 10, 0. రెండోదానికి 70, 0, 30. ఎనిమిది మంది టీంలో ఒక్కరు మారితే 12.5 శాతం కదులుతుంది కాబట్టి చిన్న టీంలో పది పాయింట్ల పెరుగుదలకు స్వీట్లు పంచక్కర్లేదు. బయటి సంస్థల సగటుతో పోల్చుకోవడం కంటే మీ టీంను మీ కిందటి సర్వేతోనే పోల్చండి. ప్రశ్న మాట మారినా, స్కేలు మారినా ఆ పోలిక కూడా చెల్లదు.

సర్వేతో పాటు మీ దగ్గర ఇప్పటికే ఉన్న లెక్కలు తీయండి, విభాగం స్థాయిలోనే: చేరిన ఏడాదిలోపు మానేసినవాళ్లు, వేరే విభాగానికి బదిలీ అడిగినవాళ్లు, వాడకుండా మిగిలిన సెలవులు, ఓవర్‌టైమ్ గంటలు. సిక్ లీవ్ విషయంలో జాగ్రత్త. కొన్నిచోట్ల బ్రాడ్‌ఫర్డ్ ఫ్యాక్టర్ వాడతారు: ఎన్నిసార్లు సెలవు పెట్టారో దాన్ని దానితోనే గుణించి, మొత్తం రోజులతో మళ్లీ గుణిస్తారు. ఒకేసారి పది రోజులు పెట్టినవాళ్లకు 10 వస్తుంది, ఒక్కో రోజు చొప్పున పదిసార్లు పెట్టినవాళ్లకు 1000 వస్తుంది. మైగ్రేన్ లాంటి దీర్ఘకాల జబ్బు ఉన్నవాళ్లు దీనికి బలవుతారు, జ్వరంతోనే ఆఫీసుకు వస్తారు. మెయిళ్లు, చాట్‌లు చదివి మూడ్ పసిగట్టే సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు, అది తెలిసిన రోజే సర్వేలో నిజం చెప్పడం ఆగిపోతుంది.

ఎంగేజ్‌మెంట్ ఎక్కువున్న చోట అంతా బాగుందనుకోవడం ఇంకో పొరపాటు. పనిని ప్రేమించేవాళ్లే ఎక్కువ నెత్తిన వేసుకుని అలిసిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో (ఐసీడీ-11, 2022 జనవరి నుంచి అమలు) బర్నౌట్‌ను జబ్బుగా కాకుండా పనికి సంబంధించిన పరిస్థితిగా చేర్చింది. నీరసించిపోవడం, పని మీద విరక్తి, చేస్తున్నదాంట్లో పస లేదన్న భావన దాని మూడు ముఖాలు. కాబట్టి ఎంగేజ్‌మెంట్ ప్రశ్నల పక్కనే అలసట గురించి రెండు ప్రశ్నలు తప్పకుండా ఉండాలి. రెండూ ఎక్కువున్న టీంను ముందు పట్టించుకోవాలి. మీ విభాగం అలాంటిదేమో చూడండి.

మానసిక స్థితిని కొలవాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల డబ్ల్యూహెచ్ఓ-5 ప్రశ్నావళి చాలు. గత రెండు వారాల గురించి ఐదు ప్రశ్నలు, ఒక్కోటి 0–5, మొత్తాన్ని 4తో గుణిస్తే 100కి స్కోరు. 50 లేదా అంతకంటే తక్కువైతే గమనించాల్సిన స్థితి. గ్రూపు శాతాలుగా మాత్రమే చూడండి. డిప్రెషన్‌ను పరీక్షించే పీహెచ్‌క్యూ-9ను మాత్రం పేర్లు లేని సర్వేలో పెట్టకండి. దాని తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండుననే ఆలోచనల గురించి. ఎవరో ‘రోజూ’ అని టిక్ పెడితే ఆ మనిషెవరో మీకు తెలియదు, తెలిసీ ఏమీ చేయని సంస్థగా మిగిలిపోతారు. సర్వే చివరి పేజీలో కౌన్సెలింగ్ నంబరు మాత్రం ఎలాగూ ఉండాలి.

ఇప్పుడు వెల్‌నెస్ కార్యక్రమాలు. ఇల్లినాయిస్ యూనివర్సిటీలో దాదాపు 5 వేల మంది ఉద్యోగుల్ని లాటరీ పద్ధతిలో విడదీసి చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. కార్యక్రమం అందుబాటులో ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ వైద్య ఖర్చుల్లో, ఆరోగ్య అలవాట్లలో, ఉత్పాదకతలో చెప్పుకోదగ్గ తేడా దాదాపు ఏమీ కనిపించలేదు. కానీ చేరినవాళ్లను చేరనివాళ్లతో పోలిస్తే పెద్ద తేడా ఉన్నట్టు కనబడింది. కారణం, ముందునుంచీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఉత్సాహంగా చేరారు. యాప్ అమ్మేవాళ్లు చూపించే గ్రాఫుల్లో చాలావరకు ఈ రెండో రకం పోలికే ఉంటుంది. అదే ఏడాది జామా అనే వైద్య పత్రికలో ఒక పెద్ద రిటైల్ గొలుసు దుకాణాల మీద, దాదాపు 33 వేల మంది ఉద్యోగులతో అచ్చయిన అధ్యయనంలో, వ్యాయామం చేస్తున్నామని చెప్పినవాళ్లు పెరిగారు, రక్తపోటు లాంటి కొలతలు గానీ, గైర్హాజరు గానీ మారలేదు.

మరి దేనితో మారుతుంది? పైన చెప్పిన బ్రిటన్ పత్రం ఆరు విషయాలు అడుగుతుంది: పనిభారం, పని మీద అదుపు, అండ, సంబంధాలు, ఎవరి పని ఏమిటన్న స్పష్టత, మార్పులు చెప్పే తీరు. వీటిలో యోగా దేనినీ తాకదు. మీ విభాగంలో మొదట పనిభారం లెక్క కట్టండి. ఉదాహరణకు ఆరుగురు, వారానికి 40 గంటలు: 240. మీటింగులు ఒక్కొక్కరికి 8 గంటలు, 48 పోయాయి. సెలవులకూ అనుకోని పనులకూ 15 శాతం, ఇంకో 36. మిగిలింది 156 గంటలు. టీంకి అప్పగించిన పని 210 గంటలైతే ఒక్కొక్కరి నెత్తిన వారానికి 9 గంటలు అదనం, అంటే 49 గంటల వారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పిన లెక్క ప్రకారం 35–40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు లేదా అంతకంటే ఎక్కువ చేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. ఈ 49 అక్కడికి పెద్ద దూరంలో లేదు.

అదనంగా ఉన్న ఆ 54 గంటలు (210లోంచి 156 తీసేస్తే) ఎక్కడ తగ్గాలో టీంతో కూర్చుని తేల్చండి. మామూలుగా దొరికేవి ఇవి: ఎవరూ చదవని వారం రిపోర్టు, ఒకే పనికి ఇద్దరి ఆమోదం, పదిమంది కూర్చుని ఇద్దరు మాట్లాడే మీటింగు. షిఫ్టులుంటే రోస్టర్ (ఎవరికి ఏ షిఫ్టు అన్న పట్టిక) రెండు వారాల ముందే ఇవ్వండి, ఒక షిఫ్టుకీ ఇంకో షిఫ్టుకీ మధ్య కనీసం 11 గంటల విరామం ఉంచండి. యూరోపియన్ యూనియన్ చట్టంలో ఉన్న హద్దు అదే. పది నిమిషాల్లోపు చిన్న విరామాలు అలసటను తగ్గిస్తాయి. సెలవులో ఉన్నవాళ్ల పని చూసేదెవరో ముందే రాసి పెట్టుకోవాలి, లేకపోతే తిరిగొచ్చిన రోజే ఆ సెలవు హరించుకుపోతుంది.

మేనేజర్లు రెండు వారాలకోసారి ఒక్కొక్కరితో అరగంట కూర్చోవాలి, పని పురోగతి గురించి కాదు. ‘మీ దగ్గరున్న పనుల్లో ఒకటి తీసేస్తానంటే ఏది తీసేయమంటారు?’ అని అడిగితే గంటసేపు సర్వేలో రానిది వస్తుంది. ఎవరైనా బాధలో ఉన్నారని తెలిస్తే మేనేజర్ కౌన్సెలింగ్ చేయబూనకూడదు. గమనించడం, వినడం, బయటి కౌన్సెలర్ దగ్గరికి దారి చూపడం వరకే. ఆ కౌన్సెలర్‌ని హెచ్ఆర్ ద్వారా కాకుండా ఉద్యోగి నేరుగా సంప్రదించగలగాలి.

సర్వే తర్వాత ఆలస్యం చేస్తే అంతా వృథా. ముగిసిన రెండు వారాల్లో చెడ్డవాటితో సహా ఫలితాలు అందరికీ చెప్పండి. నాలుగో వారంలోపు ఒక్కో టీం గంటసేపు కూర్చోవాలి. మేనేజర్ గురించిన మార్కులే తక్కువైతే ఆ కూర్చోబెట్టేది మేనేజర్ కాకూడదు, వేరే విభాగం నుంచి ఒకరిని పెట్టండి. టీం చేతిలో ఉన్నది ఒకటి, పైకి పంపాల్సినది ఒకటి, రెండే ఎంచుకుని పేరూ తేదీ రాయండి. ఎనిమిదో వారంలో చూసుకోండి. ‘ఈ కామెంట్ ఎవరు రాశారు?’ అని ఏ మేనేజర్ అయినా ఆరా తీశాడని తెలిస్తే పెద్దవాళ్లు వెంటనే ఆపాలి, ఒక్కసారి జరిగినా ఆ విభాగంలో రెండేళ్లపాటు నిజం దొరకదు. మధ్యలో మూడు నెలలకోసారి నాలుగైదు ప్రశ్నల చిన్న సర్వే చాలు. ప్రతి వారం అడిగితే అడగడానికే తప్ప చేయడానికి సమయం మిగలదు.

యోగా, యాప్ పెట్టాల్సిందేనని పైవాళ్లు పట్టుబడితే పెట్టండి, నష్టం లేదు, కొన్ని షరతులతో. పని గంటల్లోనే జరగాలి. ఎవరి ఆరోగ్య సమాచారమూ సంస్థకు రాకూడదు. అడుగుల పోటీ, బరువు తగ్గే పోటీ వద్దు; మోకాళ్ల నొప్పులున్నవాళ్లను, గర్భిణులను, వీల్‌చైర్ వాడేవాళ్లను బోర్డు మీద చివర నిలబెడుతుంది. ఫలితం కొలవడానికి టీంలను చీటీలు తీసి రెండు భాగాలు చేయండి: సగం టీంలకు ఇప్పుడు, సగానికి నాలుగు నెలల తర్వాత. రెండు భాగాలకూ అలసట ప్రశ్నలు ముందూ తర్వాతా వేసి, చేరినవాళ్లను మాత్రమే కాకుండా టీంలో అందరినీ లెక్కలోకి తీసుకోండి. ఆ నాలుగు నెలల్లోనే రాజీనామాల విభాగంలో గంటల లెక్క, రోస్టర్ మార్పు మొదలుపెట్టండి. మానేసినవాళ్లను కారణం అడిగితే ‘మంచి అవకాశం వచ్చింది’ అనే చెప్తారు. ఇంకా ఉన్నవాళ్లలో ఐదారుగురిని, వాళ్ల మేనేజర్ లేకుండా, ‘ఈ ఆరునెలల్లో మానేద్దామని ఏ రోజు అనిపించింది, ఆ రోజు ఏం జరిగింది?’ అని అడగండి.